గాలానికి అవతలి కొస

గండికోట అంచుకు వచ్చినవాళ్లంతా కిందికే చూస్తారు. ఎర్రమల కొండల్ని చీల్చుకుని పెన్న చేసుకున్న దారి, రెండు వైపులా నిట్టనిలువుగా లేచిన ఎర్రటి రాతి పొరలు, ఎక్కడో అడుగున మెరిసే నీరు. ఫోటోలకు ఇంతకన్నా ఏం కావాలి?

అదే నీటి ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న మనిషికి ఈ దృశ్యంతో పని లేదు. అతని చూపంతా బెండు మీదే ఉంటుంది. పొద్దున ఎగబడి తిన్న చేప ఇప్పుడెందుకు ముట్టడం లేదు? పక్కవాడికి పడుతున్నవి తనకెందుకు పడవు? ఎర మార్చాలా, చోటు మార్చాలా, ఇంటికి పోవాలా? జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల జలాశయాల గట్ల మీద గాలం వేసేవాళ్ల మాటలు వింటే ఈ ప్రశ్నలకు బోలెడన్ని జవాబులు దొరుకుతాయి. గట్టిగా మాట్లాడితే చేప బెదురుతుంది. మబ్బు పడితే బాగా పడతాయి. ఎర కంపు కొడితేనే పని చేస్తుంది. మిట్టమధ్యాహ్నం గాలం వేయడం దండగ.

వీటిలో కొన్ని నిక్కమైన నిజాలు, కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా అపోహలు. ఏది ఏదో తేల్చాలంటే గట్టు మీద నుంచి కాకుండా గాలానికి అవతలి కొస నుంచి, అంటే చేప వైపు నుంచి ఆలోచించాలి.

కొత్త నీరు, కొత్త చేపలు

ముందుగా ఆ నీటి సంగతి. కోటకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. పెన్న కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దారిలో గండికోట దగ్గరే చిత్రావతి వచ్చి చేరుతుంది. అయితే ఈ రెండు నదులూ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తేలి కనిపించేవే. 26.85 టీఎంసీల గండికోట జలాశయాన్ని నింపే భారం వాటి మీద పెట్టలేదు. గాలేరు-నగరి సుజల స్రవంతి పథకంలో భాగంగా శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా వరద నీరు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా ఇక్కడికి వస్తుంది. ఇక్కడి నుంచి పులివెందుల వైపు పైడిపాలెం, చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయాలకు ఎత్తిపోస్తారు.

ఒక నది నీరు ఇంకో నదిలోకి వచ్చిందంటే ఆ నీటితో గుడ్లు, పిల్లలు, చేపలు కూడా వస్తాయి. గండికోట ఉన్న కడప జిల్లాకు ఇది కొత్త కాదు. 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు-కడప కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి పెన్న పరీవాహకంలోకి తెచ్చింది. పెన్న చేపలు, కృష్ణా చేపలు అనే గీత ఇక్కడ చెరిగిపోవడం మొదలై నూటయాభై ఏళ్లు దాటింది.

కొత్త జలాశయానికి ఇంకో ప్రత్యేకత ఉంది. నీరు మొదటిసారి ఎక్కినప్పుడు పొలాలు, గడ్డి, చెట్లు, పశువుల ఎరువు అన్నీ మునుగుతాయి. గండికోటలో అయితే ఊళ్లే మునిగాయి. తాళ్లప్రొద్దుటూరు వంటి గ్రామాల వాళ్లు 2020 ప్రాంతంలో ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. మునిగినవన్నీ కుళ్లి, వాటిలోని పోషకాలు నీటిలో కలుస్తాయి. దాంతో సూక్ష్మ మొక్కలు, వాటిని తినే సూక్ష్మ జీవులు, వాటిని తినే చేపలు వరసగా పెరుగుతాయి. ప్రపంచంలో చాలా చోట్ల కొత్త ఆనకట్ట కట్టాక తొలి కొన్నేళ్లు చేపలు విరివిగా దొరికి, పోషకాలు తరిగాక ఆ జోరు తగ్గడం శాస్త్రవేత్తలు గమనించారు. గాలం వేసేవాళ్లు "మొదట్లో పడినట్టు ఇప్పుడు పడటం లేదు" అనడం ఎక్కడైనా వినిపించే మాటే. కొత్త జలాశయాల విషయంలో అది ఉత్త నిట్టూర్పు కాదు, జీవశాస్త్రం.

మునిగిన గోడలు, మోడులు, కంపచెట్లు చేపలకు దాగుడు చోట్లు. గాలం వేసేవాడికి అవి వరమూ శాపమూ. చేప ఉండేది అక్కడే, గాలం చిక్కుకునేదీ అక్కడే. వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు గట్టు వెంట ఒకసారి నడిచి ఏ రాయి ఎక్కడుందో, ఏ వాగు ఎటు దిగిందో చూసి పెట్టుకున్నవాడికి ఆ ఏడాదంతా పనికొస్తుంది.

చాళుక్యుల కాలం నాటి ఎర

సరదాకి గాలం వేయడం ఇంగ్లీషు దొరలు తెచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. వాళ్లు పుస్తకాలు రాసిన మాట నిజమే. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా", 1887లో దక్షిణాది చెరువుల కోసమే ప్రత్యేకంగా "ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" ప్రచురించాడు.

కానీ అంతకు ఏడున్నర శతాబ్దాల ముందే కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో "మానసోల్లాసం" కూర్చాడు. దాని కాలం 1129 ప్రాంతం. రాజుల వినోదాల్ని వివరించే భాగంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి పొలుసులుంటాయి, దేనికి ఉండవు, ఏ చేపకు పిండి ముద్దలు, దేనికి మాంసం ముద్దలు అనే వివరాలు అందులో ఉన్నాయి. మేత వేసి చేపల్ని ఒక చోటికి మరిగించి, ఆ తర్వాతే గాలం వేయమన్న సలహా కూడా ఉంది. మత్స్య శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయాన్ని శాస్త్రీయంగా పరిశీలించి వ్యాసం ప్రచురించాడు. గాలం వేట మీద ఇంగ్లీషులో అచ్చయిన తొలి గ్రంథంగా చెప్పుకునేది 1496 నాటిది.

గండికోటకు తొలి కోట కట్టింది కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజని, అది 1123లో అని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ లెక్కన కోటా, గాలం గ్రంథమూ ఒకే రాజవంశపు నీడలో, కొద్ది ఏళ్ల తేడాతో పుట్టాయి.

పైన బొచ్చె, అడుగున మోసు

సోమేశ్వరుడు చేపనుబట్టి మేత మార్చమన్నదానికి కారణం చేప నోట్లో కనిపిస్తుంది.

బొచ్చె, అంటే కట్ల, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది. నీటి పై పొరల్లో తేలే సూక్ష్మ జీవుల్ని వడగట్టుకు తినడానికి అది అనువైన నోరు. శీలావతి, అంటే రోహు, పెదవులకు కుచ్చుల్లాంటి అంచులుంటాయి. నడిమి పొరల్లో తిరుగుతూ నాచునూ, మొక్కల ముక్కల్నీ గీరుకు తింటుంది. మోసు, అంటే మ్రిగాల, నోరు కిందికి తిరిగి ఉంటుంది. అది అడుగు బురదలో కుళ్లిన ఆకు అలములు ఏరుకుంటుంది. మూడూ ఒకే నీటిలో ఉన్నా మూడు అంతస్తుల్లో కాపురం. చెరువుల్లో ఈ మూడింటినీ కలిపి పెంచడానికి ఆధారం కూడా ఇదే.

కాబట్టి మూడు అడుగుల లోతున బెండు కట్టి మోసు కోసం ఎదురు చూడటం వృథా. అడుగు తాకేలా సీసపు గుండు వేస్తే మోసు, బంగారుతీగ వంటివి ముట్టవచ్చు. బొచ్చె కోసమైతే ఎర పై పొరలోనే వేలాడాలి. లోతు కొలవడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. దారానికి గుండు కట్టి వదిలి, అది అడుగు తాకినప్పుడు ఎంత దారం దిగిందో చూస్తే చాలు.

ఈ కార్పు జాతి చేపలకు జీర్ణాశయం ఉండదు. గొంతులోని పళ్లతో నమిలిన మేత నేరుగా పేగులోకి పోతుంది. ఒకేసారి కడుపు నింపుకునే వీలు లేదు కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసేపు తింటాయి. చిన్న ఉండలు పని చేయడం, ముందుగా చల్లిన మేత దగ్గరే చేప తచ్చాడటం ఇందువల్లే. తవుడు, వేరుశనగ చెక్క, మైదా ముద్ద ఎరగా వాడటంలోనూ అర్థముంది. కోస్తా చేపల చెరువుల్లో వేసే మేతలో ముఖ్యమైనవి కూడా తవుడు, నూనెతీసిన చెక్కే. వేరుశనగ పండే రాయలసీమలో చెక్కకు కరువు లేదు.

ఎర కంపు కొట్టాలన్న మాటకూ ఆధారం ఉంది. చేప వాసన చూసేది గాలిలో ఎగిరే పదార్థాల్ని కాదు, నీటిలో కరిగేవాటిని. ముఖ్యంగా మాంసకృత్తులు విరిగినప్పుడు వచ్చే అమైనో ఆమ్లాలను అవి అతి తక్కువ మోతాదులోనూ పసిగడతాయి. నానబెట్టి పులియబెట్టిన చెక్క నుంచి ఇలాంటివి నీటిలోకి ఎక్కువగా దిగుతాయి. మన ముక్కుకు ఘాటుగా తగిలిన వాసనల్లో కొన్ని నీటిలో సరిగా కరగవు. ఎరలో సెంటు కలిపేవాళ్లు చేప కన్నా తమ ముక్కునే ఎక్కువ నమ్ముతున్నట్టు.

జెల్ల, వాలుగ వంటి మీసాల చేపలది ఇంకో దారి. వాటి మీసాల మీద రుచి మొగ్గలుంటాయి. చాలా జాతుల్లో ఒంటి చర్మం మీద కూడా ఉంటాయి. బురద నీటిలో కళ్లు పని చేయకపోయినా ఇవి రుచి పట్టుకుని ఎర దాకా వస్తాయి. వరద వచ్చి నీరు ఎర్రబడినప్పుడు కట్ల కోసం కూర్చునేకన్నా వానపాము గుచ్చి జెల్లల కోసం చూడటం తెలివైన పని.

మాట్లాడొచ్చు, కాలు తొక్కకూడదు

ఇక చప్పుడు సంగతి. గట్టున కబుర్లు చెప్పే కుర్రాళ్లను పెద్దవాళ్లు కసురుకోవడం ప్రతి చోటా కనిపిస్తుంది. భౌతికశాస్త్రం ఈ తగువులో కుర్రాళ్ల వైపే ఉంది. గాలిలో పుట్టిన శబ్దం నీటి ఉపరితలాన్ని తాకినప్పుడు దాని శక్తిలో దాదాపు 99.9 శాతం వెనక్కి తిరిగిపోతుంది. నీటిలోకి దిగేది వెయ్యో వంతు మాత్రమే.

అయితే అదే కుర్రాడు రాతి మీద నుంచి దూకితే కథ మారుతుంది. రాయిలో పుట్టిన అదురు నేరుగా నీటిలోకి పోతుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా, ప్రయాణిస్తుంది. కార్పు జాతి చేపలకూ మీసాల చేపలకూ గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల వరస ఉంటుంది. దీన్ని 1820లో జర్మన్ శాస్త్రవేత్త వెబర్ వర్ణించాడు. గాలితిత్తి అదిరితే ఆ అదురు ఈ ఎముకల గుండా చెవికి చేరుతుంది. దీనికి తోడు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే పార్శ్వ రేఖ చుట్టుపక్కల నీటి కదలికల్ని పట్టేస్తుంది. గండికోట లాంటి రాతి ఒడ్డున చెప్పు ఈడ్చడం, రాళ్లు దొర్లించడం, పడవ చెక్క మీద డబ్బా పెట్టడం అరుపుల కన్నా ఎక్కువ చేటు.

కంటి సంగతి మరీ ఆసక్తికరం. నీటిలో ఉన్న చేపకు పై లోకమంతా తల మీద ఒక గుండ్రటి కిటికీలో కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దానికి బయట నీటి ఉపరితలం అద్దంలా అడుగునే చూపిస్తుంది. కాంతి గాలి నుంచి నీటిలోకి వచ్చేటప్పుడు వంగడమే ఇందుకు కారణం. లెక్క వేస్తే, నీటి మట్టానికి పైన పది డిగ్రీల లోపు ఉన్నదంతా ఆ కిటికీ అంచున ఒక్క డిగ్రీలో నలిగిపోయి కనిపిస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి నీటి అంచుకు సమానమైన నేల మీద, చేపకు పది మీటర్ల అవతల నిలబడితే ఇంచుమించు ఆ నలిగిన అంచులోనే ఉంటాడు. అదే మనిషి ఎత్తైన బండ ఎక్కి నిలబడితే ఆకాశం ముందు స్పష్టంగా కనిపిస్తాడు.

కాబట్టి నీరు తేటగా ఉన్నప్పుడు బండల మీద నిలబడటం కన్నా పల్లంలో, కొంచెం వెనక్కి కూర్చోవడం మేలు. సూర్యుడు వీపు వెనుక ఉంటే మనిషి నీడ బెండు కన్నా ముందే నీటి మీద పడుతుంది. ఆ జాగ్రత్త కూడా అవసరం.

ఎండ, మబ్బు, గాలి

కడప ఎండల గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? చేపకు ఎండ రెండు వైపుల నుంచి కొడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 7.6కు మించి కరగదు. మరోవైపు నీరు వేడెక్కే కొద్దీ చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఏం చేస్తుందో చేపా అదే చేస్తుంది: కదలికలు తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం గాలం దండగ అన్న మాటలో వేసవి వరకు నిజముంది.

అలాగని చల్లటి లోతుల్లో గాలం వేస్తే సరిపోతుందా? లోతైన జలాశయంలో వేసవిలో పైనున్న వేడి నీరు తేలికై పైనే నిలుస్తుంది, కింది చల్లటి నీటితో కలవదు. వేడి ప్రాంతాల్లో ఈ పొరల విభజన మరీ గట్టిది. 29 డిగ్రీల నీటికీ 30 డిగ్రీల నీటికీ సాంద్రతలో ఉండే తేడా, 5 డిగ్రీల నీటికీ 6 డిగ్రీల నీటికీ ఉండే తేడాకు పదింతలు మించి ఉంటుంది. పైనుంచి గాలి అందక, కుళ్లే పదార్థాలు ఉన్న ఆక్సిజన్‌ను లాగేసుకోవడంతో అడుగు పొర ఊపిరాడని చోటుగా మారవచ్చు. చల్లగా ఉంటుందని అక్కడ చేప ఉండదు. వేసవిలో చేప దొరికేది మధ్య లోతుల్లో, నీడ పడే రాతి గోడల పక్కన, గాలి కొట్టే ఒడ్డున.

గాలి కొట్టే ఒడ్డు అన్న మాట గుర్తుపెట్టుకోదగ్గది. అలలు నీటిలోకి ఆక్సిజన్‌ను కలుపుతాయి. తేలే సూక్ష్మ జీవుల్నీ, పురుగుల్నీ ఆ ఒడ్డుకే నెట్టుకొస్తాయి. ఎదురుగాలిలో గాలం విసరడం కష్టమని చాలామంది అవతలి ఒడ్డున కూర్చుంటారు. చేప మాత్రం మేత ఉన్న చోటే ఉంటుంది.

వాన ముందు చేపలు బాగా పడతాయని, గాలి ఒత్తిడి పడిపోవడం చేపకు తెలుస్తుందని ఒక వాదన దేశదేశాల్లో ఉంది. లెక్క చూద్దాం. బంగాళాఖాతంలో తుపాను పుట్టి గాలి ఒత్తిడి 20 మిల్లీబార్లు తగ్గిందనుకుందాం. చేపకు అది సుమారు 20 సెంటీమీటర్లు పైకి ఈదడంతో సమానం. చేప రోజంతా జానెడు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది కదా! గంటల తరబడి నెమ్మదిగా వచ్చే అంత చిన్న మార్పే ఆకలి పుట్టిస్తుందని నమ్మడానికి బలమైన ఆధారం లేదు. వాన ముందు ఇంకా చాలా మారతాయి. మబ్బు వల్ల వెలుతురు తగ్గి, లోతుల్లో దాగిన చేప తక్కువ లోతుకు వస్తుంది. గాలి లేచి నీటిని కలుపుతుంది. వాగులు పారితే వానపాములు, పురుగులు కొట్టుకొస్తాయి. అనుభవం చెప్పింది నిజమే, దానికి చెప్పుకున్న కారణం తప్పు.

నీళ్లలో మునిగి చచ్చే చేప

గాలం వేసేవాళ్లలో ఎవరిని కదిలించినా చివరికి మాట కొరమీను దగ్గరికే వస్తుంది. ధరలోనూ, రుచిలోనూ, పెనుగులాటలోనూ దానికి సాటి మంచినీటి చేప తెలుగు నేల మీద లేదన్నది చాలామంది తీర్పు. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ఎంచుకుంది.

కొరమీను తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే గది ఒకటుంది. మొప్పలతో తీసుకునే ఆక్సిజన్ ఒక్కటే దానికి చాలదు. అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి మింగాల్సిందే. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మిగతా చేపలు బతకలేని, ఆక్సిజన్ లేని నాచు గుంటల్లో అది హాయిగా ఉండగలగడానికి కారణం ఇదే. గాలం వేసేవాడికి ఇది పెద్ద ఆనవాలు. కలుపు మొక్కల అంచున, లోతు తక్కువ చోట నీరు "గుబుక్" మని, చిన్న సుడి లేచి సద్దుమణిగితే కింద కొరమీను ఉండే అవకాశం ఎక్కువ. అది పొంచి ఉండి వేటాడే చేప. పిండి ముద్దలకు రాదు. కప్ప, చిన్న చేప వంటి కదిలే మేత కావాలి. ఈ మధ్య రబ్బరు కప్పలు అంగళ్లలో దొరుకుతున్నాయి. గాలం మొన పైకి తిరిగి ఉండటంతో అవి కలుపులో చిక్కుకోకుండా పైపైన జారుతాయి. బతికున్న కప్పను గుచ్చే బాధా ఉండదు.

కొరమీను గురించి తెలుసుకోవాల్సిన ఇంకో విషయం దాని సంసారం. వానలు పడ్డాక కలుపు మొక్కల మధ్య తావు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైన కదులుతుంటాయి. తల్లిదండ్రులు ఆ గుంపు కిందే కాపలా ఉండి, దగ్గరికి వచ్చిన దేన్నైనా కొడతాయి. ఆ గుంపు మధ్య రబ్బరు కప్ప వేస్తే పెద్ద కొరమీను పడటం దాదాపు ఖాయం. అది ఆకలితో కాదు, కోపంతో కొడుతుంది. ఆ ఒక్క చేపను లేపేస్తే కొన్ని వందల పిల్లలు మిగతా చేపలకు మేతవుతాయి. నిపుణుడైన వేటగాడికి ఇందులో గొప్ప ఏమీ లేదు.

ఏది తినాలి, ఏది వదలాలి

పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయడం మన దగ్గర చాలామందికి వింతగా తోస్తుంది. కర్ణాటకలో కావేరి గూని మహసీర్ చేప కోసం ఇదే పద్ధతిని దశాబ్దాల పాటు పాటించారు. 1946లో కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే మైసూరు వేటగాడికి 120 పౌండ్ల మహసీర్ పడింది. అంత పేరున్న ఆ గూని మహసీర్‌కు సరైన శాస్త్రీయ నామం టోర్ రేమాదేవీ అని 2018లో గానీ తేలలేదు. అప్పటికే అది అంతరించిపోయే అంచున ఉంది. ఇప్పుడది అతి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది.

గండికోటలో అంత నాటకీయత లేదు. కానీ ఏ చేప ఎలా పుడుతుందో తెలిస్తే ఏది తినాలో, ఏది వదలాలో తేల్చుకోవచ్చు. కట్ల, రోహు, మ్రిగాల నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అళికున్హి పీయూష గ్రంథి రసం ఎక్కించి వీటితో గుడ్లు పెట్టించారు. నేడు చెరువులూ జలాశయాల్లో వదిలే కోట్ల పిల్లలకు మూలం ఆ పద్ధతే. అలా వదిలిన బొచ్చె బాగా పెరిగాక పట్టి తినడంలో తప్పు లేదు. వేలంత పిల్లను పట్టి కూర వండుకుంటేనే నష్టం.

1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అదే జిలేబి చేప, దీనికి పూర్తిగా విరుద్ధం. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఎవరి సాయమూ లేకుండా విపరీతంగా పెరిగి మిగతా చేపల మేత లాగేసుకుంటుంది. కొత్తగా గాలం నేర్చుకునేవాళ్లు దానితో మొదలుపెట్టవచ్చు. తిరిగి నీటిలో వదలాల్సిన పని లేదు. పెంపకం నిషేధించిన ఆఫ్రికా మార్పు చేప గాలానికి చిక్కినా అంతే. వాలుగ విషయం వేరు. ఒకప్పుడు ప్రతి నదిలోనూ కనిపించిన ఈ పెద్ద చేపను ఇప్పుడు ప్రమాదానికి లోనయ్యే జాతిగా లెక్కిస్తున్నారు. గుడ్లతో ఉన్న వాలుగను వదిలేయడం మంచిది.

వదలడం అంటే గట్టు మీద పది ఫోటోలు దిగి విసిరేయడం కాదు. 1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపలను అలసిపోయేదాకా తరిమి, కొన్నింటిని గాలిలో ఉంచి చూశారు. నీటిలోనే ఉంచినవాటిలో 12 శాతం, 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం పన్నెండు గంటల్లో చనిపోయాయి. ట్రౌట్ చల్లటి నీటి చేప. గాలి పీల్చే కొరమీనుకు ఈ అంకెలు వర్తించవు. కట్ల, రోహులకు మాత్రం సూత్రం అదే: మొప్పల ఆకులు గాలిలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే వదలదలుచుకున్న చేపను నీటిలోనే ఉంచి గాలం తీయాలి. చేతులు ముందుగా తడుపుకోవాలి. పొడి చేతులు చేప ఒంటి మీది జిగట పొరను ఊడదీస్తాయి, దాంతో రోగాలు అంటుకుంటాయి. గాలం మొన పక్కనుండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేస్తే తీయడం సులువవుతుంది. గాలం గొంతులోకి దిగిపోయిందా, లాగొద్దు, దారం కత్తిరించండి.

గట్టు మీద చట్టం, జాగ్రత్త

నీరు అందరిదీ అయినా జలాశయంలో చేప అందరిదీ కాదు. అక్కడ వేటకు మత్స్యశాఖ లైసెన్సులుంటాయి. పుట్టి వేసుకుని వలలతో బతికే కుటుంబాలుంటాయి. వాళ్ల వలల మీదుగా గాలం విసరడం తగాదాకు దారి. వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట మీద ఆంక్షలు పెడుతుంటారు. వెళ్లేముందు జమ్మలమడుగులోనో, పులివెందులలోనో మత్స్యశాఖ వాళ్లను అడగడం మంచిది. నీటిలో మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు వైద్యాధికారి 1873లో ఇచ్చిన నివేదికలో చేపల్ని ఇష్టం వచ్చినట్టు చంపేస్తున్న పద్ధతుల్ని బయటపెట్టాడు. ఆ చట్టానికి నేపథ్యం అలాంటి పరిశీలనలే.

గండికోట ఒడ్డు చెరువు గట్టు కాదు. రాతి అంచు నుంచి ఒక్క అడుగు జారితే నిలువు లోతు. తడిసిన నాచు రాయి మీద చెప్పులతో నడవొద్దు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి, ఒంటరిగా పోకూడదు. ఆనకట్టల దిగువన కూర్చునేవాళ్లు గేట్ల సైరన్‌ను ఆటగా తీసుకోవద్దు. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో, పెన్న ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగినప్పుడు నీరు ఎంత తొందరగా వస్తుందో అందరూ చూశారు. కార్బన్ ఫైబర్ కర్రలు కరెంటును బాగా ప్రసరింపజేస్తాయి. విద్యుత్ తీగల కింద వాటిని ఎత్తొద్దు, ఉరుములప్పుడు పక్కన పెట్టేయాలి.

చివరిగా నైలాన్ దారం. అది నీటిలో కుళ్లదు, దశాబ్దాలైనా అలాగే ఉండి నీటికాకుల కాళ్లకూ, తాబేళ్ల మెడలకూ చుట్టుకుంటుంది. తెగిన ప్రతి ముక్కనూ జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి. ఆషాఢ, శ్రావణాల్లో కలుపు అంచున ఎర్రటి పిల్లల గుంపు కనబడితే ఆ చోట గాలం వేయకండి, పక్కవాళ్లనూ వేయనివ్వకండి.